హాట్ ప్రెస్‌లో రంగూన్ పెట్టె

సూర్యప్రభ చేతికి ఎర్ర సిరా పెన్ను వచ్చిందంటే ఎవరికో ఒకరికి మూడినట్టే. పెళ్ళికి ముందు రాజమండ్రిలో ఆరేళ్ళు పంతులమ్మగా చేసింది. ఇప్పుడు ఐర్లండులో, కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో కాపురం, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం. ఊరు మారింది, జీతం మారింది, బుద్ధి మాత్రం మారలేదు. మొగుడు త్రినాథ్ రాసిన కిరాణా చీటీని కూడా దిద్ది గానీ చేతికివ్వదు. అలాంటి మనిషి దగ్గరికి, ఆ కరోనా వచ్చిన ఏడు మే నెలాఖరున, రాఘవులుగారి నవల పోస్టులో దిగింది.

రాఘవులుగారిది కాకినాడ, వయసు డెబ్బై ఒకటి. ఫిబ్రవరిలో కూతుర్ని చూసిపోదామని అత్లోన్ వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇరుక్కుపోయారు. డెబ్బై దాటినవాళ్ళు ఇల్లు కదలొద్దని ప్రభుత్వం చెబితే, ఆ కూతురు మహాతల్లి గేటు దాకా కూడా పోనివ్వలేదు. పాపం పెద్దాయనకు తోచక, ఐర్లండు తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఒక కబురు పెట్టారు: "నా దగ్గర ఒకే ఒక నవల ఉంది. ఇప్పటికే మూడుసార్లు చదివేశాను. చదివేవాళ్ళుంటే పోస్టులో పంపుతాను. చదివి ఎలా ఉందో రాయాలి, ఇంకొకరికి పంపాలి."

గుంపులో నాలుగు వందల మంది ఉన్నారు. దండం బొమ్మలు పెట్టినవాళ్ళు రెండు వందల మంది. చదువుతామన్నవాళ్ళు ముగ్గురు. గాల్వేలో ఉండే గుంటూరు పిల్ల శ్రీలేఖ, మెయ్‌నూత్‌లో పైచదువు చదువుతున్న వరంగల్ కుర్రాడు శశికాంత్, మన సూర్యప్రభ.

నవల పేరు 'రంగూన్ ట్రంకుపెట్టె'. ఎప్పుడో అచ్చయిన పుస్తకం, మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. కథ చెప్పాలంటే రెండు ముక్కలు. సింహాద్రమ్మ మొగుడు కూలికి రంగూన్ పోతాడు. మూడేళ్ళకు ఓడలో ట్రంకుపెట్టె వస్తుంది గానీ మనిషి రాడు. మనిషి పోయాడు కాబట్టే పెట్టె పంపారని ఊరంతా అంటుంది. సింహాద్రమ్మ బొట్టు చెరుపుకుంటుంది, పెట్టె మాత్రం తెరవదు. ఏడేళ్ళు మంచం కింద పెట్టుకుని దాని మీద దుమ్ము తుడుస్తూ బతుకుతుంది. తెరుస్తుందా, తెరవదా? రెండు వందల పన్నెండు పేజీల పాటు ఇదే నస, కానీ వదలబుద్ధి కాదు.

పుస్తకం తిరగడానికి నియమాలు కావాలంటే, అవి రాసిపెట్టే భాగ్యం సూర్యప్రభకే దక్కింది. ఒకటి, పుస్తకంతో పాటు ఒక నోటుబుక్కు కూడా తిరగాలి, ఎవరి అభిప్రాయం వాళ్ళు అందులో చేత్తో రాయాలి. రెండు, చదవనివాళ్ళకు ముగింపు చెప్పకూడదు. మూడు, ఫోనులో పేజీల ఫొటోలు తియ్యకూడదు. పోస్టు కోసం ఎదురుచూడటంలోనే ఉంది మజా అన్నారు రాఘవులుగారు. నాలుగోది కరోనా నియమం. పుస్తకం వచ్చాక మూడు రోజులు, పంపేముందు మూడు రోజులు ఎవరూ ముట్టుకోకుండా వెచ్చని చోట విడిగా పెట్టాలి.

వెచ్చని చోటంటే ఐర్లండులో ఒక్కటే. ఇక్కడ అల్మరాను ప్రెస్ అంటారు. వేణ్ణీళ్ళ ట్యాంకు ఉండే అల్మరా హాట్ ప్రెస్. ట్యాంకు పైన చెక్క పలకలతో, మధ్య మధ్య సందులతో రెండు మూడు అరలుంటాయి. ఐరిష్ వాళ్ళు అందులో తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు. మనవాళ్ళు ఇడ్లీ పిండి, దోసెల పిండి పులియబెట్టుకుంటారు. ఈ చలిదేశంలో పిండి పొంగిందంటే అది హాట్ ప్రెస్ చలవే.

పుస్తకం వచ్చింది, మూడు రోజులు హాట్ ప్రెస్‌లో గడిపింది, నాలుగో రోజు సూర్యప్రభ స్నానం చేసి, కళ్ళకద్దుకుని తెరిచింది. నలభై మూడో పేజీలో గుండెలవిసిపోయాయి. గుండ్రంగా, చక్కగా, టీ కప్పు మరక! ముందు చదివినవాడు శశికాంత్. ఎర్ర సిరా పెన్ను బయటికొచ్చింది. మరక పక్కనే సన్నటి అక్షరాలతో రాసింది: "పుస్తకం అంటే సరస్వతి. టీ కప్పు పెట్టుకునే బల్ల కాదు." అంతటితో ఊరుకుందా? దాని ఫొటో తీసి గుంపులో పెట్టింది. ఫొటోలు తియ్యొద్దన్న నియమం ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. శశికాంత్ "సారీ మేడం, తప్పయింది" అని పెట్టి, రెండు రోజులు గుంపులో కనిపించలేదు.

రెండు వారాల్లో నవల ముగించింది. ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం: "సింహాద్రమ్మ గడియ మీద చెయ్యి వేసింది." అంతే. తిప్పితే వెనక అట్ట. సూర్యప్రభ వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. అయిపోయింది!

"ఇదేం ముగింపు!" అని కేక పెట్టింది. పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉన్న త్రినాథ్ ఉలిక్కిపడి మైకు నొక్కేశాడు.

నోటుబుక్కు తీసి ముందువాళ్ళు ఏం రాశారో చూసింది. శ్రీలేఖ రాసింది: "ముగింపు అద్భుతం. తెరిచిందో లేదో పాఠకులకే వదిలేశారు. చివర 'సమాప్తం' అని కూడా వెయ్యలేదు, ఎంత ధైర్యం!" శశికాంత్ మూడు పేజీలు రాశాడు, అందులో జీవితం అనే మాట పదకొండు సార్లుంది. సూర్యప్రభకు ఒళ్ళు మండిపోయింది. ఎర్ర సిరాతో ఒకే ఒక్క ముక్క రాసింది: "రచయితకు కాగితాలు అయిపోయాయా?" గుంపులో కూడా అదే పెట్టింది. శ్రీలేఖ "మీకు సాహిత్యం అర్థం కాలేదక్కా" అంది. "నీకు మోసం అర్థం కాలేదమ్మా" అంది సూర్యప్రభ. పెద్దాయనే మధ్యలో పడి, "తల్లీ, తెరుస్తుందా తెరవదా అని నేనూ మా ఆవిడ కమలా నలభై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్నాం. మీకు రెండు వారాలకే విసుగైతే ఎలా?" అని నవ్వించి ఆపారు.

బుధవారం నాడు పెద్దాయన ఫోన్ చేశారు. గొంతులో సంతోషం దాగడం లేదు.

"సూర్యప్రభా, నాకు ప్రత్యేక విమానంలో సీటు దొరికిందమ్మా! వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం ప్రయాణం. నాలుగు నెలల తర్వాత మా ఇంటి మొహం చూస్తాను. పుస్తకం ఇంకెవరికీ పంపకుండా నాకే పంపించెయ్. అది మా ఆవిడది. పెళ్ళయిన కొత్తలో, అద్దెకు పుస్తకాలిచ్చే కొట్టు ఒకటి మూసేస్తుంటే కొనుక్కుంది. అది లేకుండా ఇంటికెళితే నాకు అన్నం పుట్టదు."

"అయ్యో, ఎంతమాట బాబాయిగారూ! కళ్ళల్లో పెట్టుకుని చూసి పంపిస్తాను" అంది సూర్యప్రభ. అన్న మాట ప్రకారం, పుస్తకాన్ని హాట్ ప్రెస్‌లో కింది అరలో, పేపరు పరిచి, ముందు అట్ట మాయకుండా బోర్లా పెట్టింది. శనివారం పోస్టు చెయ్యాలి.

శుక్రవారం సాయంత్రం దోసెల పిండి రుబ్బింది. గిన్నె తీసుకెళ్ళి హాట్ ప్రెస్‌లో పెట్టింది, పై అరలో. ఎవరో కాదు, స్వయంగా ఆవిడే.

శనివారం పొద్దున హాట్ ప్రెస్ తలుపు తీసేసరికి పుల్లటి వాసన గుప్పుమంది. పిండి పొంగి, మూత తోసుకుని, పలకల సందుల్లోంచి కిందికి దిగింది. పుస్తకం వెనక అట్ట మీద తెల్లగా, మెత్తగా, నురగలతో పేరుకుని ఉంది. అట్ట నాని ఉబ్బిపోయింది. ఆఖరి పేజీల అంచులు కూడా తడిశాయి.

"ఏవండీ! కొంప మునిగింది!"

త్రినాథ్ పరిగెత్తుకొచ్చి చూశాడు. "నేను పెట్టలేదు" అన్నాడు ముందుగా. ఆ ఇంట్లో బతకాలంటే మొదట చెప్పవలసిన మాట అదే. సూర్యప్రభ కూడా ఒక్క క్షణం ఎలాగైనా ఇది మొగుడి మీదికి తొయ్యగలనా అని ఆలోచించింది. కుదరలేదు.

తుడిచింది. తుడిచినకొద్దీ పిండి లోపలికి పోయింది. హెయిర్ డ్రయ్యర్ పెడితే వాసన ఇల్లంతా పరుచుకుంది. ఫోను తడిస్తే బియ్యంలో పెడతారు కదా అన్నాడు త్రినాథ్. ఆ గాభరాలో అదీ నిజమే అనిపించి పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది. గంటాగి తీస్తే వెనక అట్ట నిండా సోనామసూరి గింజలు అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్క గింజా గోటితో తీస్తూ కూర్చుని ఏడ్చేసింది. అట్ట ముట్టుకుంటే ఊడొస్తుందేమోనని భయమేసి, తెరిచి చూడకుండానే పుస్తకానికి చుట్టూ పురికొస కట్టేసింది.

ఏడవక ఏం చేస్తుంది? ముగింపు బాలేదని ఊరంతా చాటింది. ఇప్పుడు సరిగ్గా ఆ ముగింపు మీదే పిండి పోసింది. కావాలనే చేసిందంటే కాదని ఎలా చెప్పుకోవడం? టీ మరకకే సరస్వతిని పిలిచిన మనిషి ఇప్పుడు ఎవరిని పిలుస్తుంది? ఇవన్నీ ఒక ఎత్తు. నాలుగు నెలలు గేటు దాటని ఆ పెద్దాయన, పెళ్ళానికి ఈ పులిసిన అట్ట పట్టుకెళ్ళి ఇవ్వాలి. ఇంకో ప్రతి కొనిద్దామన్నా ఎక్కడా దొరకదు. 

పదేళ్ళ కూతురు సహస్ర వచ్చి చూసింది. అమ్మ తెలుగులో చెప్పిందంతా విని, ఎప్పటిలాగే ఇంగ్లీషులో, కార్క్ యాసలో, ఫరవాలేదనడానికి 'గ్రాండ్' అనే ఇక్కడి అలవాటుతో జవాబిచ్చింది. "ఇట్స్ గ్రాండ్, మామ్. జస్ట్ సే ఇట్ వాజ్ ద రెయిన్."

సూర్యప్రభ కూతురి వైపు తేరిపార చూసింది. వాన! ఐర్లండులో వాన మీద నింద వేస్తే నమ్మనివాళ్ళుండరు. పోస్టుకని తీసుకెళుతుంటే వాన పడింది, తడిసింది. ఇంతకంటే సహజమైన మాట ఉంటుందా? ఫోనులో వాసన కూడా రాదు. "తప్పమ్మా, అబద్ధాలు చెప్పకూడదు" అని కూతుర్ని మందలించింది. రాత్రి పడుకునేసరికి మాత్రం వాన కథ అచ్చుతప్పు లేకుండా తయారైంది.

ఆదివారం మూడు గంటలకు నలుగురూ జూమ్‌లో కలిశారు. పెద్దాయనకు వీడ్కోలు చెబుదామని ముందే అనుకున్న కబుర్లవి. రాఘవులుగారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. సూర్యప్రభ పురికొస కట్టిన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుంది. త్రినాథ్ కెమెరాకు కనిపించకుండా పక్కన నిలబడ్డాడు.

"పుస్తకం బయల్దేరిందా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"బాబాయిగారూ... నిన్న పోస్టుకని బయటికి వెళితే... వాన..." పురికొస ముడిని ఇంకా బిగించింది. "కొంచెం తడిసింది."

పెద్దాయన మొహంలో రంగు తగ్గింది. చొక్కా గుండీ ఒకటి పెట్టుకుని తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

అంతలో శశికాంత్ మధ్యలోకి దూకాడు. "అయ్యో మేడం, వానకు ఎవరేం జేస్తరు? మీరేం పరేషాన్ గాకుండ్రి. మొన్న మా దిక్కు గూడ గట్లనే కొట్టింది. పుస్తకాలన్నంక తడుస్తయ్, ఆర్తయ్. నేనైతే ఎర్ర సిరతోని ఏం రాయ!" అని నవ్వాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగా ధైర్యం చెప్పడానికే అన్నాడు. వాడి కళ్ళల్లో అది కనిపిస్తూనే ఉంది.

అంతే, సూర్యప్రభకు తల కొట్టేసినట్టయింది. వాడు తిట్టినా తట్టుకునేది. ఇంత మంచిగా మాట్లాడితే ఎలా తట్టుకుంటుంది?

"వాన కాదు!" అంది గట్టిగా. "వాన లేదు, గీన లేదు. నిన్నంతా ఎండే ఇక్కడ. నేనే హాట్ ప్రెస్‌లో పుస్తకం పైన దోసెల పిండి పెట్టాను. పొంగి పుస్తకం మీద పడింది. నా చేతులారా చేశాను. శశీ, నీ టీ మరక గురించి అన్ని మాటలన్నాను, నన్ను క్షమించు నాన్నా. బాబాయిగారూ, మీకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక నిన్నంతా వాన కథ అల్లాను. పిన్నిగారి పుస్తకం పాడుచేశాను." చెప్పేసి, కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంది. చెప్పాక ఒక్కసారిగా ఊపిరి ఆడింది. జరిగిన నష్టం జరిగినట్టే ఉంది, కానీ మెడ మీద కాలెవరో తీసేసినట్టుంది.

రాఘవులుగారు నెమ్మదిగా అడిగారు. "అక్షరాలున్నాయా అమ్మా?"

"చూడలేదు బాబాయిగారూ. భయమేసి తాడు కట్టేశాను."

"విప్పు. ఏదైతే అదవుతుంది. అందరం చూద్దాం."

పురికొస విప్పి, పుస్తకం కెమెరా ముందు పట్టుకుంది. పట్టుకోవడమేమిటి, వెనక అట్ట తలుపు తెరుచుకున్నట్టు కిందికి వాలిపోయింది. "అయిపోయింది, ఊడిపోయింది" అని సూర్యప్రభ కళ్ళు మూసుకుంది.

"మేడం!" అని అరిచాడు శశికాంత్. "మేడం, కదలకుండ్రి! గా అట్ట లోపటి దిక్కు జూడుండ్రి. అక్షరాలు కనవడ్తున్నయ్!"

సూర్యప్రభ కళ్ళు తెరిచింది. అట్టకు లోపలివైపు అంటించిన గోధుమరంగు కాగితం ఒక మూల లేచిపోయి ఉంది. దాని కింద మరో కాగితం. దాని మీద అచ్చు అక్షరాలు. పాత పేపరు ముక్కేమోనని కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. కింద మూల అంకె కనిపించింది: 213.

"ఏవండీ, అట్లకాడ!" అంది.

త్రినాథ్ మారు మాట్లాడకుండా వంటింట్లోకి పరుగెత్తి, అన్నింట్లోకి పల్చటి అట్లకాడ ఏరి తెచ్చాడు. తెర మీది ముగ్గురూ చూస్తుండగా, అతనే, ఆపరేషన్ చేసే డాక్టరులా ఊపిరి బిగబట్టి, అట్టకూ కాగితానికీ మధ్య అట్లకాడ పోనిచ్చాడు. ఆ అద్దె కొట్టుకు వెనకెప్పుడో బైండింగు చేసిన మనిషి అట్ట బలంగా ఉండాలని ఆఖరి రెండు కాగితాలూ కలిపి మైదా జిగురుతో అట్టకే అంటించేశాడు. పైన అందంగా గోధుమరంగు కాగితం వేశాడు. అద్దె పుస్తకమే కదా, ముగింపుతో వాడికేం పని? నలభై ఏళ్ళు ఊడని ఆ జిగురు ఒక్క రాత్రి పులిసిన పిండికి నానిపోయింది. ఒక కాగితం లేచింది. రెండోది లేచింది. అక్కడక్కడ చిన్న చిరుగులు తప్ప అక్షరాలు అక్షరాల్లానే ఉన్నాయి. మొత్తం నాలుగు పేజీలు.

"నాలుగు పేజీలున్నాయండీ ఇంకా!" అని సూర్యప్రభ అరిచిన అరుపుకు సహస్ర మేడ మీది నుంచి దిగొచ్చింది. "శ్రీలేఖా, చూశావా? చివర 'సమాప్తం' కూడా ఉంది! నేను చెప్పానా లేదా?"

శ్రీలేఖ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "అయ్యో అక్కా, ఎంత ధైర్యం అని రాశానే! ఆ పేజీ చింపెయ్యండి అక్కా, మీకు పుణ్యముంటుంది."

"చదువు తల్లీ, చదువు" అన్నారు రాఘవులుగారు. వెంటనే, "ఆగు, ఆగు. ఒక్క నిమిషం" అని తన ఫోను తీశారు. కాకినాడకు కలిపి, చేతిలో పట్టుకుని, ఎందుకో ఒకసారి గొంతు సవరించుకున్నారు. "కమలా, నేను. విను. ముందు నేనొక మాట చెప్పాలి. నీ 'రంగూన్ ట్రంకుపెట్టె' నేనే తెచ్చాను ఇక్కడికి. విమానంలో చదువుకోవచ్చని."

అవతలి నుంచి వచ్చిన కేక నలుగురికీ స్పష్టంగా వినిపించింది. "మీరా! నాలుగు నెలల నుంచీ ఇల్లంతా గాలిస్తున్నాను! పక్కింటి ఎస్తేరమ్మే పట్టుకెళ్ళిందని ఆవిడతో మాట్లాడటం మానేశాను కదండీ! ఇప్పుడా చెప్పడం?"

"తిట్టేది ఇంటికొచ్చాక తిట్టు. ముందు విను. పుస్తకంలో ఇంకా నాలుగు పేజీలున్నాయట. అట్టలో దాక్కున్నాయట."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

సూర్యప్రభ చదవడం మొదలుపెట్టింది. ఆరేళ్ళు పిల్లలకు పాఠాలు చదివి వినిపించిన గొంతు, చాన్నాళ్ళకు మళ్ళీ దారిలో పడింది. సింహాద్రమ్మ గడియ తీసింది. మూత ఎత్తింది. లోపల పైన ఒక లుంగీ, దాని కింద ఇత్తడి చెంబు, దాని కింద ఒక కొయ్యబొమ్మ. బొమ్మ చూసి సింహాద్రమ్మ తెల్లబోయింది. తమకు పిల్లలు లేరు. మూత లోపలివైపు తెల్లరంగుతో పేరు రాసి ఉంది. పక్కింటి చదువుకున్న పిల్లను పిలిచి చదివించింది. అది తన మొగుడి పేరు కాదు. మల్లేశు అనే ఎవరో మనిషిది, ఎక్కడో గంజాం జిల్లా ఊరు. ఓడలో పెట్టెలు తారుమారయ్యాయి. ఏడేళ్ళూ తను కాపలా కాసింది పరాయివాళ్ళ పెట్టెకు.

సూర్యప్రభ ఇక్కడ ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ ఎత్తుకుంది.

సింహాద్రమ్మ ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని, అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంది. మనిషి పోవడం కళ్ళతో చూసి చెప్పినవాళ్ళెవరూ లేరు, చెప్పింది పెట్టె ఒక్కటే, ఆ పెట్టే తనది కాదు. తెల్లవారి, రంగూన్ ఓడ ఎప్పుడని అడగడానికి కోరంగి రేవుకు బయల్దేరింది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చింది. "గంజాంలో ఒక బిడ్డ బొమ్మ కోసం ఎదురుచూస్తా ఉంటాది, ముందు అది ఇచ్చేసి పోతాను" అని పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుంది. సమాప్తం.

శశికాంత్ కళ్ళు తుడుచుకోవడం తెర మీద కనిపించింది. త్రినాథ్ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

ముందు కమలగారి గొంతే వినిపించింది. "నేను చెప్పలేదూ, తెరుస్తుందని?"

"చెప్పావు" అన్నారు రాఘవులుగారు. "నలభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నావు. నేనే ఒప్పుకోలేదు. తెరిస్తే ఏం కనబడుతుందోనని నాకు భయం కమలా. అందుకే తెరవదు, తెరవదు అంటూ వచ్చాను. ఈ నాలుగు నెలలూ అంతే. పొద్దున్నే నీ ఫోను మోగితే ఎత్తడానికి కూడా భయమే, ఏ కబురు వినాలోనని." ఆయన చొక్కా చేత్తో కళ్ళు ఒత్తుకున్నారు. "హమ్మయ్య. ఓడిపోయాను. ఎంత హాయిగా ఉందో!"

"ఓడింది చాల్లెండి. పెట్టె సర్దుకుని బయల్దేరండి" అన్నారు కమలగారు. కోపంగా అందామనుకున్న మాట తడిగా వచ్చింది. వెంటనే సర్దుకుని, "అది సరే, అట్టలో ఉన్న కాగితాలు బయటికెలా వచ్చాయి?" అని అడిగారు.

అత్లోన్, గాల్వే, మెయ్‌నూత్ మూడూ ఒకేసారి బాలింకాలిగ్ వైపు చూశాయి. ఈసారి సూర్యప్రభకు వాన గుర్తుకు కూడా రాలేదు.

"నేనేనండీ పిన్నిగారూ. దోసెల పిండి పొంగి మీ పుస్తకం మీద పడింది. అట్ట పాడైపోయింది. నన్ను ఏమన్నా అనండి, పడతాను."

కేక వస్తుందని రాఘవులుగారు ఫోనును మొహానికి దూరంగా జరిపారు.

"అంత చలిదేశంలో పిండి పొంగిందా?" అన్నారు కమలగారు ఆశ్చర్యంగా. "మెంతులు ఎన్ని వేశావమ్మా?"

సూర్యప్రభకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "చెంచాడు వేశానండీ" అంది.

"అట్టదేముంది, ఇంకోటి వేయించుకుంటాను. ఈసారి దగ్గర కూర్చుని మరీ వేయిస్తాను. ముందు ఎస్తేరమ్మ ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలి నేను. నాలుగు నెలలు ఆవిడ పలకరిస్తుంటే మొహం తిప్పుకున్నాను" అన్నారు కమలగారు. చెప్పుల చప్పుడు వినిపించింది. ఆవిడ నిజంగానే అప్పటికప్పుడు బయల్దేరినట్టున్నారు.

ఆ సాయంత్రం సూర్యప్రభ నాలుగు పేజీల మధ్యా పల్చటి కాగితాలు పెట్టి, పైన దోసెల పెనం బరువు పెట్టి ఆరబెట్టింది. హాట్ ప్రెస్‌లో కాదు, అందరికీ కనిపించేలా భోజనాల బల్ల మీద. తర్వాత నలభై మూడో పేజీ తీసింది. టీ మరక పక్కన తను రాసిన ఎర్ర అక్షరాల్ని చూసి, ఆ పెన్నే తీసుకుని, ఒక గీతతో కొట్టేసింది. దాని కింద చిన్నగా రాసింది: "కమల పిన్నిగారూ, ఈ మరక శశికాంత్‌ది. వెనక అట్ట మీది మరక నాది. వాసన కూడా నాదే."

సోమవారం పోస్టాఫీసు తెరవగానే వెళ్ళింది. వరసలో ఆరడుగుల దూరాన ముందు ముగ్గురున్నారు. ఆమె వంతు వచ్చేలోపు నిజంగానే వాన మొదలైంది. సూర్యప్రభ పుస్తకం కవరును రెయిన్‌కోటు లోపలికి తోసుకుని, జిప్పు మెడ దాకా లాగింది.